బడి బయట నూటికి నూరు

మంగతాయారు ఆరేళ్ళుగా బాతుల వెంట తిరుగుతూ పాఠాలు చెబుతోంది. ఈ మాట కొత్తగా విన్నవాళ్ళు మొదట నవ్వుతారు, తర్వాత బాతులకా అని అడుగుతారు. బాతులకు కాదు, బాతులు మేపేవాళ్ళ పిల్లలకు. కోతలయ్యాక పొలాల్లో రాలిన గింజల కోసం వేల బాతుల్ని తోలుకుంటూ ఆ కుటుంబాలు కాలవ గట్ల మీదుగా ఊరూరూ దిగుతాయి. ఒక ఊళ్ళో పదిరోజులు, ఇంకో ఊళ్ళో ఇరవై. ఏ బడి హాజరుపట్టీలోనూ ఆ పిల్లల పేర్లుండవు. అందుకని విద్యాశాఖ వాళ్ళని ‘బడి బయటి పిల్లలు’ అని పిలిచి, వాళ్ళ కోసం ఈదులపర్రులో ఒక ప్రత్యేక శిక్షణ కేంద్రం పెట్టింది. కేంద్రమంటే మూతపడిన రైసుమిల్లు వసారా. సిబ్బంది అంటే మంగతాయారు. పిల్లలు వసారా దాకా రాగలిగిన రోజుల్లో ఆవిడ అక్కడే చెప్పేది. రాలేని రోజుల్లో సైకిలు వెనక పుస్తకాల సంచి కట్టుకుని, బాతులు ఎక్కడుంటే అక్కడికి పోయి చెప్పేది.

ఆ ఏడు ఆవిడ దగ్గర చదివి పదకొండు మంది ఓపెన్ స్కూల్ పదో తరగతి పరీక్ష రాశారు. పదకొండు మందీ పాసయ్యారు. ఆవిడ మురిసిపోయి అందరికీ జిలేబీ పంచి, మర్నాడు మామూలుగా సైకిలెక్కింది. వ్యవహారం అక్కడితో ముగిసిపోవలసింది. కానీ పై ఆఫీసులో ఎవరో ఒక పట్టిక తయారు చేశారు.

ఆ పట్టికలో రెండే వరసలు. జిల్లాలో ప్రధాన స్రవంతి పాఠశాలల్లో చదివినవారు అరవై మూడు శాతం ఉత్తీర్ణులు. ప్రధాన స్రవంతి వెలుపల చదివినవారు నూరు శాతం. వెలుపల చదివినవారంటే మొత్తం కలిపి పదకొండు మందేనని పట్టిక అడుగున ఒక నక్షత్రం గుర్తు పెట్టి సన్నటి అక్షరాల్లో రాశారు. కానీ దాన్ని చదవవలసిన సంయుక్త సంచాలకులు సర్వేశ్వర భద్రంగారికి కంటి ఆపరేషనయి అప్పటికి వారమే అయింది.

భద్రంగారు సమీక్షా సంఘాన్ని సమావేశపరిచి మంగతాయారును పిలిపించారు. పెద్ద బల్ల, బల్లకు అటువైపు తొమ్మిది మంది, ఇటువైపు ఆవిడ. ఈ ఫలితానికి కారణమేమిటని అడిగారు. ఆవిడకు కాస్త బెదురుగానే ఉంది. రోజూ చదివించానండి అని చెప్పింది. అర్థంకానివాళ్ళకి మళ్ళీ చెప్పాననీ, రానివాళ్ళ దగ్గరికి తనే వెళ్ళాననీ చెప్పింది. తొమ్మిది మందీ ఒకళ్ళ ముఖాలొకళ్ళు చూసుకున్నారు. ఒకాయన కలం మూత పెట్టేశాడు.

భద్రంగారు మాత్రం ఓపికగా విడమరిచారు. “చూడమ్మా, చదివించడమనే అంశం అన్ని పాఠశాలల్లోనూ ఉన్నట్టుగానే రికార్డులు చెబుతున్నాయి. రెండు పక్కలా ఉన్నది తేడాకు కారణం కాజాలదు. మీ పిల్లలకూ, తక్కిన పిల్లలకూ శాస్త్రీయంగా కనిపించే భేదం ఒక్కటే. వాళ్ళు లోపలున్నారు. మీవాళ్ళు బయటున్నారు.”

సంఘం ఏకగ్రీవంగా తలూపింది. ఇంత తేలిక కారణం ఇన్నేళ్ళూ కంటబడనందుకు అందరూ కొంచెం నొచ్చుకున్నారు కూడా.

జూన్‌లో ఉత్తర్వులొచ్చాయి. ‘జిల్లాలోని ప్రధాన స్రవంతి విద్యార్థులనందరినీ తక్షణమే పాఠశాలల వెలుపలికి చేర్చవలసినదిగా ఇందుమూలముగా ఆదేశించడమైనది. వెలుపల అనగా ప్రహరీ గోడకు ఏబది మీటర్లకు తగ్గని దూరము.’

ఈదులపర్రు హైస్కూలు ప్రధానోపాధ్యాయుడు భీమశంకరంగారు ముప్ఫై ఏళ్ళ సర్వీసులో ఏ ఉత్తర్వునీ కాదనలేదు. దీన్ని కూడా రెండుసార్లు చదివి, నాలుగు వందల పన్నెండు మంది పిల్లల్నీ బయటికి తీసుకురమ్మని మేష్టర్లకు చెప్పారు. తీరా వచ్చాక తెలిసిన సంగతేమిటంటే, ఆ బడికి ఉత్తరం పక్క గోడ లేదు. తొమ్మిదేళ్ళుగా ఆయన గోడ కోసం అర్జీలు పెడుతూనే ఉన్నారు. గోడ లేనిచోట లోపల ఎక్కడ అయిపోయిందో, బయట ఎక్కడ మొదలైందో టేపు పట్టుకొచ్చిన ఉద్యోగి తేల్చలేకపోయాడు. ఆ సంగతే పైకి రాశాడు. తొమ్మిదేళ్ళుగా కదలని కాగితం తొమ్మిది రోజుల్లో కదిలింది. పిల్లలు గోడకు బయట ఉండాలంటే గోడ ఉండి తీరాలి కనుక, అత్యవసర పనుల కింద గోడ లేచింది. భీమశంకరంగారు దాన్ని చేత్తో తడిమి చూసుకుని, తన బడి ఇప్పుడు పూర్తిగా రక్షణలో ఉందని సంతోషించారు. అప్పటికి లోపల ఎవరూ లేరు.

తరగతులు బీట్లో నడిచాయి. అంటే ఊరి పశువులు మేసే బీడులో. జూలైలో వానలు పట్టుకున్నాయి. ఒక మేష్టారు టార్పాలిన్ పట్టా కట్టించారు. తనిఖీకి వచ్చిన అధికారి దాని కింద నించుని తలెత్తి చూసి, ఇది పైకప్పు కాదా అన్నాడు. పైకప్పు ఉన్నది లోపల అవుతుందా అన్న ప్రశ్న మీద మూడు వారాలు ఉత్తరాలు నడిచాయి. చివరకు వివరణ వచ్చింది. ‘నాలుగు గుంజలపై నిలిచినది పైకప్పు. చేతిలో పట్టుకొన్నది గొడుగు. గొడుగు వ్యక్తిగత వస్తువగుటచే దాని కిందనున్న విద్యార్థి వెలుపలనున్నట్లే భావింపబడును.’ ఆ రోజు నుంచి నాలుగు వందల పన్నెండు మంది ఒక చేత్తో గొడుగూ ఇంకో చేత్తో పుస్తకమూ పట్టుకున్నారు. రాయడానికి మూడో చెయ్యి లేదు కాబట్టి రాతపని తగ్గింది. రాతపని తగ్గడం భారరహిత విద్య వైపు గట్టి అడుగు అని మాసనివేదికలో పడింది.

ఇంత చేసినా ఆగస్టులో జరిగిన పరీక్షలో మార్కులు పెరగలేదు సరికదా, పడిపోయాయి. భద్రంగారికి నిద్రపట్టలేదు. ఎక్కడో ఏదో వదిలేశామని మంగతాయారు కేంద్రం తాలూకు పాత ఫోటో తెప్పించి భూతద్దం పెట్టి చూశారు. పిల్లల వెనక, కాలవ ఒడ్డున, తెల్లగా ఏవో ఉన్నాయి.

ఇరవై మంది విద్యార్థులకు ఒక బాతు చొప్పున మంజూరయింది. ఈదులపర్రు హైస్కూలుకు ఇరవై ఒకటి వచ్చాయి. ఒక్కో బాతును ఒక్కో మేష్టారు సంతకం పెట్టి పుచ్చుకున్నారు. హాజరుపట్టీలో కొత్త గడి చేరింది. గుడ్డు పెట్టినచో బోధనోపకరణముగా పరిగణించవలెనని ఒక సూచన కూడా జతచేశారు. బాతులతో ఎలా మసలుకోవాలో మేష్టర్లకెవరికీ తెలియదు. అందుకని మంద పెద్ద పోలయ్యను వనరుల నిపుణుడిగా నియమించి రెండు రోజుల శిక్షణ పెట్టారు.

పోలయ్యకు సభలు అలవాటు లేదు. మైకు పక్కకు జరిపి, తనకు తెలిసింది చెప్పాడు. “బాతుకి ముందు నడవగూడదయ్యా. ఎనకమాలే నడవాల. అదిలించగూడదు, అరవగూడదు. ఏది కుంటతా ఉంటే దానికోసం మందంతా ఆగాల. అంతే, ఇంకేం లేదు.”

శిక్షణకు వచ్చిన ఆచార్యుల బృందం ఇది రాసుకుని పోయి ‘పశ్చాద్గామి బోధన’ అని పేరు పెట్టి పుస్తకం అచ్చేసింది. అందులో చివరి మాట, కుంటేదాని కోసం ఆగమన్నది, ఎందుకో అచ్చులో జారిపోయింది. మిగిలింది వెనకాల నడవడమొక్కటే. సెప్టెంబరంతా ఈదులపర్రు బీట్లో పిల్లలు ముందూ, పిల్లల వెనక లెక్కల మేష్టారూ, ఆయన వెనక బాతూ నడుస్తూ త్రికోణమితి సాగింది.

ఈ సంబరమంతా మంగతాయారు దూరం నుంచి చూస్తూనే తన పని తను చేసుకుంటోంది. ఆ ఏడు ఆవిడ దగ్గర పధ్నాలుగు మంది పరీక్షకు తయారవుతున్నారు. వాళ్ళలో పోలయ్య కూతురు చెంచమ్మ మీద ఆవిడకు ప్రత్యేకమైన ఆశ. ఆ పిల్లకి పదహారేళ్ళు. అంతకు ముందు ఏడు వాళ్ళ మందలో రెండు వందల బాతులు మూడు రోజుల్లో మెడలు వాల్చేసి చచ్చిపోయాయి. ఏం రోగమో చెప్పినవాళ్ళు లేరు. పోలయ్య గట్టు మీద కూర్చుని మూడు రోజులు అన్నం ముట్టలేదు. చెంచమ్మ ఆ తర్వాత ఒకరోజు వచ్చి, పశువుల డాక్టరు చదువుకి ఏం పాసవ్వాల టీచరమ్మా అని అడిగింది. పదో తరగతి పాసయితే డిప్లొమాలో చేరవచ్చని మంగతాయారు చెప్పింది. ఆ రోజు నుంచి ఆ పిల్ల పుస్తకం కింద పెట్టలేదు.

అక్టోబరులో పరీక్ష దరఖాస్తులు కంప్యూటరులో ఎక్కించబోతే ఎక్కలేదు. ‘మీ కేంద్రమునకు అర్హత లేదు’ అని ఎర్ర అక్షరాలు పడ్డాయి. నాలుగుసార్లు ప్రయత్నించి, ఆవిడ బస్సెక్కి భద్రంగారి ఆఫీసుకు వెళ్ళింది.

భద్రంగారు నిజంగానే విచారించారు. కాఫీ తెప్పించారు. ప్రత్యేక కేంద్రాలు ప్రధాన స్రవంతి వెలుపల ఉన్న పిల్లలకు మాత్రమేనని గుర్తుచేశారు. అత్యధిక సంఖ్యాకులు ఎక్కడ చదువుతారో అదే ప్రధాన స్రవంతి అని శాఖ నిర్వచనం. ఇప్పుడు జిల్లాలో అత్యధిక సంఖ్యాకులు ఆరుబయట, బాతుల సమక్షంలో చదువుతున్నారు. మంగతాయారు పిల్లలూ అంతే. కనుక వాళ్ళు ప్రధాన స్రవంతిలో కలిసిపోయారు. నిజానికి ఇది అభినందించవలసిన విషయం. వాళ్ళిక పై ఏడాది దాకా ఆగి, మామూలు బడిలో ఎనిమిదో తరగతి నుంచి మొదలుపెట్టవచ్చు.

మంగతాయారు కాఫీ ముట్టలేదు. ఆవిడ కళ్ళ ముందు చెంచమ్మ ఉంది. ఎనిమిదో తరగతి అంటే ఆ పిల్ల ఇంక చదవదు. వచ్చే ఏడు పెళ్ళి చేసేస్తారు. ఆవిడ బల్ల మీద ఉన్న నిర్వచనం కాగితం తన వైపు తిప్పుకుని మెల్లగా చదివింది. చదివి, అయ్యా ఒక సందేహం అంది.

“అందరూ బయటుంటే అదే ప్రధాన స్రవంతి అంటున్నారు కదండీ. మరి ఎవరైనా బడి లోపల కూర్చుని చదివితే వాళ్ళేమవుతారు?”

భద్రంగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. పంకా వైపు చూశారు. ఆయన నిజాయితీ గల అధికారి, తర్కం ఎక్కడికి తీసుకుపోతే అక్కడికి పోతారు. “వారు ప్రధాన స్రవంతికి వెలుపలివారవుతారు,” అన్నారు చివరకు.

“అయితే నా పిల్లల్ని లోపల పెట్టుకోనివ్వండి.”

పావుగంటలో ఉత్తర్వు తయారయింది. ‘ఈదులపర్రు ప్రత్యేక కేంద్రపు విద్యార్థులు ప్రధాన స్రవంతితో కలియకుండుటకై, పాఠశాల భవనము లోపలనే నిరంతరము ఉండవలెను. ఏ పరిస్థితులలోను బయటికి పంపరాదు.’ ఆవిడ దాన్ని బస్సులో నాలుగుసార్లు చదువుకుంది, తనకు నచ్చిన మొదటి ప్రభుత్వ ఉత్తర్వు కావడంతో.

మర్నాడు భీమశంకరంగారు తాళాలగుత్తి ఆవిడ చేతిలో పెట్టారు. పధ్నాలుగు మంది పిల్లలు పద్దెనిమిది గదుల బడిలో అడుగుపెట్టారు. మొదటి రోజు వాళ్ళు చదవలేదు. తలుపులు తీసి, వేసి, మళ్ళీ తీశారు. పంకా మీట నొక్కి పైకి చూస్తూ నిలబడ్డారు. చెంచమ్మ సైన్సు గదిలోకి పోయి సూక్ష్మదర్శిని ముందు కూర్చుంది. మంగతాయారు ఒక బాతు ఈక తెచ్చి అద్దపు బిళ్ళ కింద పెట్టి చూపించింది. పుట్టినప్పటి నుంచీ ఈకల మధ్యనే పెరిగిన పిల్ల ఆ ఒక్క ఈకనీ మధ్యాహ్నం దాకా చూసింది.

ఆ ఉత్తర్వులో ‘నిరంతరము’ అన్న మాటను భీమశంకరంగారు తన అలవాటు ప్రకారం అక్షరాలా పాటించారు. కోతలయ్యాక మందలు కదిలినా ఆ పధ్నాలుగు మందిని కదలనివ్వలేదు. బయటికి పంపరాదని రాసి ఉంది కదా, మరి వాళ్ళు ఉండడానికి గదులివ్వాలి అని రెండు గదులు తెరిపించారు. పోలయ్య భార్య వండిపెట్టడానికి ఉండిపోయింది. ఆరేళ్ళలో మొదటిసారి మంగతాయారు ఒక పాఠాన్ని మొదలుపెట్టిన ఊళ్ళోనే ముగించింది.

చిక్కల్లా బీటి పిల్లలతో వచ్చింది. వాళ్ళు మొదట కిటికీల్లోంచి తొంగిచూశారు. తర్వాత గోడ దూకడం మొదలుపెట్టారు. ఒకరోజు హాజరు తీస్తే తొమ్మిదో తరగతిలో ఏడుగురు తక్కువయ్యారు. వెతగ్గా వెతగ్గా బడి లైబ్రరీలో, బీరువా వెనక, భూగోళం పుస్తకం చదువుతూ దొరికారు. భీమశంకరంగారు వాళ్ళని వరసలో నిలబెట్టి, బడికి రావలసిన వేళ బళ్ళోకి దూరడం ఎంత తప్పో చెప్పి, తల్లిదండ్రుల్ని తీసుకురమ్మన్నారు. ఒక తండ్రి వచ్చి తల గోక్కుంటూ, మావాడు ఏం తప్పు చేశాడో మరోసారి చెప్పండయ్యా అన్నాడు. ప్రధానోపాధ్యాయుడు చెప్పబోయి, వాక్యం మధ్యలో ఆగిపోయి, మంచినీళ్ళు తాగి, పిల్లాణ్ణి క్లాసుకు పంపేశారు. ఏ క్లాసుకో చెప్పలేదు. అంతటి భీమశంకరంగారూ ఆ రోజు నుంచి ఉత్తరం గోడ వైపు చూడటం మానేశారు.

మార్చిలో పరీక్షలొచ్చాయి. పరీక్షలు గదుల్లోనే జరపాలని పరీక్షల విభాగం నియమం. ఆ విభాగం భద్రంగారి కింద లేదు, వేరే అంతస్తులో ఉంది. పదినెలల తర్వాత బల్లల ముందు కూర్చున్న పిల్లల్లో కొందరు గొడుగు పట్టుకోవలసిన చేతిని ఏంచేసుకోవాలో తెలియక ఇబ్బందిపడ్డారు. మేలో ఫలితాలొచ్చాయి. బయట చదివినవారు నలభై ఏడు శాతం. లోపల చదివినవారు పధ్నాలుగుకి పధ్నాలుగూ. చెంచమ్మకు జీవశాస్త్రంలో తొంభై రెండు వచ్చాయి. పోలయ్య ఆ సంఖ్యను ఒకటికి రెండుసార్లు చెప్పించుకుని, నూటికి ఎనిమిదే తప్పిపోయాయా, మందలో అంతకన్నా ఎక్కువే పోతాయి అన్నాడు.

సమీక్షా సంఘం మళ్ళీ కూర్చుంది. ఈసారి మంగతాయారును పిలవలేదు, కారణం కళ్ళ ముందే ఉంది కనుక. జూన్‌లో ఉత్తర్వు వచ్చింది. ‘లోపలి విద్య యొక్క విశిష్ట ఫలితముల దృష్ట్యా, విద్యార్థులందరినీ పాఠశాల భవనముల లోపల కూర్చుండబెట్టి బోధించు వినూత్న విధానమును ప్రవేశపెట్టడమైనది.’ ప్రారంభోత్సవానికి భద్రంగారు స్వయంగా వచ్చి, ప్రపంచంలో ఇంకెవరికీ తట్టని ఆలోచన ఇదని చెప్పి, రిబ్బను కత్తిరించారు. నాలుగు వందల పన్నెండు మందీ ఒక్క ఊపున లోపలికి పరిగెత్తారు. బాతుల్ని పోలయ్య తన మందలో కలుపుకున్నాడు. వాటిని నడకను బట్టి ఇట్టే పోల్చుకోవచ్చట. మేష్టర్ల వెంట నెలల తరబడి తిరగడం వల్ల అవి ప్రతి పది అడుగులకూ ఆగి, ముందు మేష్టారున్నారా అని చూస్తాయట.

అందరూ లోపలికొస్తే లోపలే మళ్ళీ ప్రధాన స్రవంతి. మంగతాయారు దగ్గర కొత్తగా చేరిన ఇరవై మూడు మంది చిన్నపిల్లలు ప్రత్యేక కేంద్రంవాళ్ళు కనుక వాళ్ళిప్పుడు బయటికి పోవాలి. భీమశంకరంగారు అలా అని పైనుంచి వచ్చిన కాగితం పట్టుకుని ఆరో తరగతి గుమ్మంలో నిలబడ్డారు. లోపల బల్లకు నలుగురు చొప్పున కిక్కిరిసి కూర్చున్నారు. ఎవరు ఎవరి పక్కన కూర్చున్నారో అంతా కలగాపులగం. “వీళ్ళలో నీ పిల్లలెవరమ్మా?” అని అడిగారాయన.

మంగతాయారు గది ఈ చివర నుంచి ఆ చివర దాకా చూసింది. ప్రతి ముఖమూ తెలుసు. మూడో వరసలో చెంచమ్మ చెల్లెలు నోట్లో పెన్సిలు పెట్టుకుని తననే చూస్తోంది. వేలెత్తి చూపించడమొక్కటే తరువాయి. చూపిస్తే ఆవిడ కేంద్రం ఉంటుంది, ఆవిడ ఉద్యోగం ఉంటుంది. పిల్లలు వసారాలో ఉంటారు.

“నాకు తెలియడం లేదండీ,” అంది.

భీమశంకరంగారు ముప్ఫై ఒక్క ఏళ్ళ సర్వీసులో మొదటిసారి ఒక ఉత్తర్వును నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నారు. గుమాస్తాను పిలిచి, హాజరుపట్టీలో ఇరవై మూడు పేర్లు కొత్తగా చేర్చాలి, పేర్లు ఈవిడ చెబుతారు రాసుకో అన్నారు. లెక్కల మేష్టారు ‘గొడుగు లేని బోధన’ మీద శిక్షణకు వెళ్ళి ఇంకా రాలేదు, ఈలోగా ఆరో తరగతికి పాఠం చెప్పేవాళ్ళు లేరని కూడా గొణిగారు, ఎవరితో అంటున్నారో తెలియకుండా.

నెలాఖరుకి భద్రంగారి దగ్గర్నుంచి ఫోనొచ్చింది. నివేదిక రాలేదట. ప్రధాన స్రవంతి వెలుపలి పిల్లల పట్టికలో ఈదులపర్రు వరస ఒక్కటే ఖాళీగా ఉందట. పిల్లలు కాలవ గట్టునున్నారా, రైసుమిల్లులోనా, బీట్లోనా, ఏదో ఒకటి చెబితే గడిలో టిక్కు పెట్టుకుంటానన్నారు.

“బళ్ళో ఉన్నారండీ,” అంది మంగతాయారు, చేతికంటిన సుద్ద దులుపుకుంటూ.

అవతల కాగితాలు తిరగేస్తున్న చప్పుడు చాలాసేపు వినిపించింది.

“ఆ గడి మా పట్టికలో లేదమ్మా,” అన్నారు భద్రంగారు.